పరాయి పక్షం వారి ఓటు అడగవచ్చునా?

(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకు ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన అంశం వేరు. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు, మనమూ వెళ్లి వస్తున్నాం గనుక అక్కడి ఎన్నికల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అంతా చెప్పడానికి సమయం చాలదు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. ఒక అభ్యర్థి తన సిద్ధాంతానికి సగం దూరంలో ఉన్నవారి ఇంటికి వెళ్లి ఓటు అడగవచ్చునా?

మన దేశంలో టిక్కెట్టు ఎవరికివ్వాలో పార్టీ అధిష్ఠానం తేలుస్తుంది. అక్కడ ఓటర్లే తేలుస్తారు. అందుకు జరిగే ముందస్తు ఎన్నికను ప్రైమరీ అంటారు. ఫ్లోరిడా వంటి రాష్ట్రాలలో ఆ పార్టీలో పేరు నమోదైనవారికే అందులో ఓటు. న్యూ హాంప్‌షైర్‌లో ఏ పార్టీలోనూ నమోదు కానివారు ఆ రోజు తమకు నచ్చిన పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు. మన ప్రశ్న పుట్టేది ఇక్కడే.

దీనికి మంచి ఉదాహరణ డాక్టర్ రాన్ పాల్. టెక్సాస్ నుంచి కాంగ్రెసు సభ్యుడిగా పనిచేశారు, వృత్తిరీత్యా ప్రసూతి వైద్యుడు. ప్రభుత్వం ఎంత చిన్నదైతే ప్రజలకు అంత స్వేచ్ఛ అనే లిబర్టేరియన్ వాదం ఆయనది. 1988లో ఆ పేరుగల పార్టీ తరఫునే అధ్యక్ష పదవికి నిలబడ్డారు. 2008లోను, 2012లోను రిపబ్లికన్ ప్రైమరీలలో పోటీ చేశారు. రెండోసారి ఆయన వయసు 76. మన సభ్యులలో మోకాళ్ల నొప్పుల వారు గమనించగలరు!

అభ్యుదయవాదులు ఆయనను ఎందుకు పట్టించుకోవాలి? 2002లో ఇరాక్ యుద్ధానికి అనుమతినిచ్చే తీర్మానాన్ని దిగువసభలో వ్యతిరేకించిన రిపబ్లికన్లు ఆరుగురే. వారిలో ఆయనొకరు. అంతకుముందు 2001లో పౌరులపై నిఘా అధికారాలను పెంచిన పేట్రియట్ చట్టాన్ని వ్యతిరేకించిన ముగ్గురు రిపబ్లికన్లలోనూ ఆయనొకరు. ఫెడరల్ రిజర్వు లెక్కలను ఆడిట్ చేయించాలని ఆయన దిగువసభలో పట్టుబడితే, సోషలిస్టునని చెప్పుకునే బెర్నీ శాండర్స్ ఎగువసభలో అదే కోరారు. ఆడిటంటే ఎవరికి భయమో మనకు వేరే చెప్పనక్కరలేదు. పైగా 2012లో డెమోక్రటిక్ పార్టీలో ఒబామాకు గట్టి పోటీ లేదు. యుద్ధం వద్దనే ఓటరుకు ఆ పక్క ప్రైమరీలో పని లేకపోయింది.

ఇక రెండో పక్క చూద్దాం. 2011లో రాన్ పాల్ ప్రకటించిన ప్రణాళికలో మొదటి ఏడాదే లక్ష కోట్ల డాలర్ల ఖర్చు కోత, విద్యాశాఖతో సహా అయిదు శాఖల రద్దు, కేంద్ర ఉద్యోగులలో పది శాతం తగ్గింపు ఉన్నాయి. అధ్యక్షుడి జీతం నాలుగు లక్షల డాలర్లయితే తాను 39,336 డాలర్లే తీసుకుంటానన్నారు. అంతవరకు మెచ్చుకోవచ్చు. కాని సోషల్ సెక్యూరిటీ సంగతి? అక్కడి వృద్ధుల పెన్షనుకు ఆధారమైన ఆ చట్టంపై రూజ్వెల్ట్ 1935 ఆగస్టు 14న సంతకం చేశారు. రాన్ పాల్ పుట్టింది ఆ తరువాత ఆరు రోజులకు. తనకన్నా ఆరు రోజులు పెద్దదైన ఆ చట్టం రాజ్యాంగబద్ధం కాదని ఆయన అభిప్రాయం. ఇప్పుడు తీసుకుంటున్నవారికి ఇస్తాం, పడుచువారు కావాలంటే తప్పుకోవచ్చునన్నారు. వినడానికి బాగుంది. నేటి ఉద్యోగి కట్టే పన్నుతోనే కదా నేటి వృద్ధుడికి చెల్లిస్తున్నారు! పడుచువారు తప్పుకుంటే పద్దు ఎక్కడ సర్దుతారు? 2004 సెప్టెంబరు 1 తరువాత మన రాష్ట్ర సర్వీసులో చేరినవారిని పాత పెన్షను నుంచి తప్పించడం చూసిన మనకు ఈ సందేహం రాక మానదు.

మరొకటి, 1964 పౌరహక్కుల చట్టం. ఉద్యోగాలలో రంగు, మతం, పుట్టిన దేశం చూసి వివక్ష చూపరాదంటుందది. మన పిల్లలకూ అదే గొడుగు. 2004లో దానికి నలభై ఏళ్లు నిండిన సందర్భంగా దిగువసభ చేసిన తీర్మానానికి వ్యతిరేకంగా పడిన ఒకే ఒక్క ఓటు రాన్ పాల్‌ది. ఆ చట్టం ఆస్తి హక్కును హరిస్తుందని ఆయన వాదన.

మరి అటువంటి మనిషి అభ్యుదయవాదుల ఓటు అడగవచ్చునా? అడగాలనే నా అభిప్రాయం. ఏ కాగితం ఏ అధికారి స్థాయిలో తేలుతుందో చూడటం గుమాస్తాగా నాకు అలవాటు. విదేశాల నుంచి సైన్యాన్ని వెనక్కి రప్పించడం సర్వసేనానిగా అధ్యక్షుడి చేతిలో పని. పెన్షను చట్టాన్నో పౌరహక్కుల చట్టాన్నో రద్దు చేయాలంటే కాంగ్రెసు ఒప్పుకోవాలి. కాబట్టి "మీరు కోరేది నా సంతకంతో అవుతుంది, మీరు భయపడేది నా ఒక్కడి సంతకంతో కాదు" అని ఆయన నిజాయితీగా చెప్పగలరు.

అయితే ఒక షరతు. ఆ రెండో విషయాన్ని తానే ముందుగా చెప్పాలి. యుద్ధం మాటే వినిపించి పెన్షను మాట దాచి ఓటు తీసుకుంటే అది ఓటరును మోసగించడమే. అధ్యక్షుడు ఒక్కడే రద్దు చేయలేకపోయినా, ఆ చట్టాలను అమలు చేసే అధికారులను నియమించేది ఆయనే. ఆ సంగతీ ఓటరుకు తెలియాలి.

"పరాయివారి కోసం పాకులాడితే సొంతవారు దూరమవుతారు" అనేవారున్నారు. కొట్టిపారేయదగిన మాట కాదు. 2012లో న్యూ హాంప్‌షైర్‌లో ఆయన సుమారు 23 శాతం ఓట్లతో రెండో స్థానంలో నిలిచారు. ఫ్లోరిడాలో 7 శాతమే వచ్చింది. అక్కడ ఆయన పెద్దగా ప్రచారం చేయలేదన్నదీ నిజమే. చివరకు అభ్యర్థిత్వం మిట్ రామ్నీకి దక్కింది. బయటివారి ఓట్లు బలమిస్తాయే గాని, సొంత పార్టీవారు ఒప్పుకోనిదే గద్దె దక్కదు. అలాగని సొంతవారి కోసం యుద్ధాన్ని సమర్థించి ఉంటే ఆయన దగ్గర అడగడానికి ఏం మిగిలేది?

కాబట్టి పెద్దలారా, ఈసారి పిల్లల దగ్గరకు వెళ్లినప్పుడు భోజనాల దగ్గర ఎన్నికల మాట వస్తే ఏ పార్టీ అని అడగకండి. ఆ అభ్యర్థి తన సంతకంతో ఏం చేయగలడో, ఇతరులు ఒప్పుకుంటే ఏం చేస్తాడో అడగండి. ఆ రెండూ విప్పి చెప్పినవాడు ఏ గుమ్మంలోనైనా ధైర్యంగా నిలబడి ఓటు అడగవచ్చు.