మోకాటి చిప్ప విరిగినవారు మరల నడచుట
(సంఘ వారపు సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మన తాతముత్తాతలు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి నేతపనికై ఈ సోలాపురమునకు వచ్చి తరములు గడచినవి. వారు తెచ్చుకొన్న ఆస్తి చేతులును కాళ్ళును మాత్రమే. నేటికిని మన పేటలలో అనేక సంసారములు వానిమీదనే నిలిచియున్నవి. మరమగ్గము నొద్ద గంటలతరబడి నిలుచువారికి కాలే కూలి. నేలపై కూర్చుండి బీడీలు చుట్టు ఆడువారికి మోకాలే ఆధారము. కావుననే ఒక చిన్న యెముక విరిగినచో ఇల్లంతయు కుంటువడుచున్నది. నేడు ఆ విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్ప సంకల్పించితిమి.

మోకాటి చిప్ప చిన్నదైనను దాని పని పెద్దది. తొడ ముందరి కండరము బలమైన పట్టీగా మారి, ఈ చిప్పను పట్టుకొని, క్రింది కాలియెముకకు అంటియున్నది. చిప్ప ఆ పట్టీని ముందునకెత్తి నిలుపుటచే తొడబలము వృథాగాక కాలు చాపబడును. నూనె చిందిన నేలపై జారి మోకాలు బండకు కొట్టుకొనినను, బండిపైనుండి పడినను, పడబోవుచు కాలిని ఒక్కసారి బిగబట్టినను చిప్ప విరుగవచ్చును. మోకాలు వాచి, వెల్లకిల పరుండినపుడు కాలు చాచి మడమను పైకెత్తలేకున్నచో అది గట్టి గుర్తు. ఎత్తగలిగినంత మాత్రమున విరుగలేదని నమ్మరాదు, ఎక్స్-రే తీయింపవలెను.

విరిగిన ముక్కలు కదలక యథాస్థానమున నున్నచో, సాధారణముగా 4 నుండి 6 వారములు కాలు చాచియుంచి పిండికట్టు వేయుదురు. ముక్కలు ఎడమైనచో శస్త్రచికిత్స అవసరమగును. 1877లో లండను నగరమున జోసెఫ్ లిస్టరు మహాశయుడు క్రిమిదోషము సోకనీయక విరిగిన చిప్పను వెండి తీగతో బంధించెను. నేడు ఉక్కు సూదులు గ్రుచ్చి, ఉక్కు తీగను 8 అంకె ఆకారమున బిగించుట వాడుకలో నున్నది.

మనలో కట్టువైద్యముపై నమ్మకము మెండు. పుత్తూరు కట్టు పేరెరుగని తెలుగువాడు లేడు. ఎవరిని నిందించుటయు మా యుద్దేశ్యము కాదు. కాని ఎడమైన చిప్పకు పైకట్టు చాలదు. తొడ కండరము పై ముక్కను ఎల్లప్పుడు పైకి లాగుచుండును. అంతేగాక, మిక్కిలి బిగించిన కట్టు రక్తప్రసారమును ఆపగలదు. వ్రేళ్ళు నల్లబడినను, చల్లబడినను, తిమ్మిరి యెక్కినను, నొప్పి నిముషనిముషమునకు పెరిగినను తెల్లవారువరకు ఆగక వైద్యుని కడకు పోవలెను.

అసలు కష్టము కట్టు విప్పిన పిదపనే. మేము స్వయముగా ఈ బాధ ననుభవించితిమి గావున చెప్పుచున్నాము. తొడ సన్నగిల్లును, మోకాలు కొయ్యవలె బిగుసుకొనును, కాలు మనది కాదేమో యనిపించును. అప్పుడు మందుకన్న అభ్యాసము ముఖ్యము. మన సోలాపురపు తువాలు నొకదానిని చుట్టి మోకాటి క్రింద నుంచి, దానిని అదిమినట్లు తొడను బిగించి 5 లెక్కించునంత సేపు నిలిపి వదలవలెను. ఇట్లు 10 మారులు, దినమునకు మూడు నాలుగు పర్యాయములు చేయవచ్చును. పాదమును పైకి క్రిందికి ఆడించుచుండుట రక్తము గడ్డకట్టకుండుటకు తోడ్పడును. మోకాలు మడచుట మాత్రము వైద్యుడు అనుమతించిన నాడే, అనుమతించినంతే.

తెగిన పడుగుపోగును అతికినవారికి ఈ మర్మము వేరుగా చెప్పనక్కరలేదు. ముడి వేసిన వెంటనే గట్టిగా లాగినచో పోగు మరల తెగును. అసలు లాగకున్నచో గుడ్డయే సాగదు. ఎముక అతుకుటకు సుమారు 2 నెలలు, బలము వచ్చుటకు 3 నుండి 6 నెలలు పట్టును. మోకాళ్ళపై వంగుట కొందరికి ఏడాది గడచినను నొప్పిగనే యుండును. గొంతుకూర్చుండుట చిప్పపై మిక్కిలి భారము మోపును గనుక మరుగుదొడ్డిలో కమోడు కుర్చీ, బీడీపనికి ఎత్తైన బల్ల ఏర్పరచుకొనవలెను. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయ స్వామి రథము వెంట నడువవలెనను కోరిక మనకందరకు గలదు. కాలు కుదురని యేడు వాకిట నిలిచి నమస్కరించినను స్వామి స్వీకరించును.

ఇక కూలి మాట. నేసినంతకే డబ్బు వచ్చు ఇంటిలో మూడు నెలల విశ్రాంతి యనిన అప్పే. అందుచేతనే చాలమంది కుంటుచునే మగ్గము చేరి, జీవితాంతము కుంటుచున్నారు. 1948 చట్టముచే ఏర్పడిన రాజ్య బీమా పథకమున నమోదైనవారికి, పనిలో గాయపడి పనిచేయలేని కాలమునకు కూలిలో సుమారు 90 శాతము లభించును. మీ పేరు అందున్నదో లేదో నేడే విచారింపుడు. పడిన పిదప విచారించిన ప్రయోజనము లేదు.

మరియొక మాట. మన వృద్ధులలో పెక్కురు మరాఠీ చక్కగా మాటలాడుదురు గాని, ఆసుపత్రివారిచ్చు ఇంగ్లీషు కాగితమును చదువలేరు. ఏ దినమున కాలు మడువవలెనో, ఎంత భారము మోపవలెనో అందులోనే వ్రాసియుండును. చదువుకొన్న యువకులు ఆ కాగితమును తెలుగున పెద్ద అక్షరములతో వ్రాసి మంచము ప్రక్క గోడకు అంటింతురు గాక. వీధికి ఇద్దరు పూనుకొన్నచో ఈ పని కష్టము కాదు. మాతృభాషకు చేయు సేవ సభలలోనే కాక, రోగి గదిలోను గలదని మా మనవి.