వియన్నాలో హామీలు, సిర్తేలో మన మాస్టార్లు

బంగారుపాళ్యం నుంచి మాట్లాడతా ఉన్నా. మామిడి సీజన్ కదా, మండీకి పోయే ట్రాక్టర్ల హారన్లు మధ్యలో వినపడతాయి, కొంచెం అడ్జస్ట్ చేసుకోండి.

ఈరోజు లిబియా గురించి. "దాంతో మనకేం పని అన్నా?" అంటారేమో, ముందు ఒక తేదీ చెప్తా. 2015 జూలై 29. సిర్తే యూనివర్సిటీలో పాఠాలు చెప్పే నలుగురు ఇండియన్ లెక్చరర్లు ఇంటికి బయల్దేరారు. దారిలో చెక్‌పోస్ట్ దగ్గర కిడ్నాప్. రెండు రోజులకి కర్ణాటక వాళ్లిద్దర్నీ వదిలేశారు. మిగిలిన ఇద్దరూ తెలుగోళ్లు, ఒకరిది ఆంధ్ర, ఒకరిది తెలంగాణ. వాళ్లు బయటపడింది 2016 సెప్టెంబర్‌లో. పద్నాలుగు నెలలు! గల్ఫ్ పోయినోడు ఒక్కరోజు ఫోన్ చెయ్యకపోతేనే మన ఇళ్లల్లో ముద్ద దిగదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. అలాంటప్పుడు ఢిల్లీ వాళ్లు లిబియాలో ఎవరికి ఫోన్ చెయ్యాలి? ట్రిపోలీలో ఒక ప్రభుత్వం. తూర్పున టోబ్రూక్‌లో ఇంకో పార్లమెంటు, దానికి తోడు జనరల్ హఫ్తార్ సైన్యం. మధ్యలో సిర్తే ఐసిస్ చేతిలో. వీళ్లిద్దరూ కొట్టుకుంటా ఉండబట్టే వాడికి సందు దొరికింది.

అందుకే ఐక్యరాజ్యసమితి దిగింది. 2015 డిసెంబర్ 17న మొరాకోలోని స్ఖిరాత్‌లో ఒప్పందం. ఆరు రోజుల్లో భద్రతా మండలి తీర్మానం 2259 వచ్చింది. ఐక్యతా ప్రభుత్వమే అసలుది, పక్క ప్రభుత్వాలతో సంబంధాలు ఆపెయ్యండి అని. ప్రధాని ఫాయెజ్ అల్ సరాజ్. ఆయన సొంత రాజధానికి ఎట్లా వచ్చాడో తెలుసా? 2016 మార్చి 30న, ఓడలో! విమానం దారి ప్రత్యర్థులు మూసేశారు. దిగిన నేవీ బేస్‌లోనే ఆఫీసు పెట్టుకున్నాడు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అడ్మిన్ అని పేరుంది, పాస్‌వర్డ్ మాత్రం వేరేవాళ్ల దగ్గర.

అట్లని ఆ గుర్తింపు వేస్ట్ అనను. చాలామంది అక్కడే తప్పు పడతారు. మే 16న వియన్నాలో ఇరవైకి పైగా దేశాలు కూర్చుని, ఈ ప్రభుత్వానికి ఆయుధాల ఆంక్షల్లో సడలింపు ఇస్తామన్నాయి. మిస్రాతా కుర్రాళ్లు సిర్తే మీదికి పోయారు. ఆగస్టు 1 నుంచి అమెరికా విమానాలు బాంబులేశాయి, ఈ ప్రభుత్వం అడిగింది కాబట్టే. అడగడానికి ఒక అధికారిక నోరు ఉండాలి కదా. డిసెంబర్‌కి ఊరు విముక్తి అయింది, వందలమంది లిబియా యువకులు పోయారు. ఐసిస్ చెరలో ఉన్న మన ఆంధ్రా డాక్టర్ ఒకాయన 2017 ఫిబ్రవరిలో ఇల్లు చేరాడు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. నాకు కడుపు మండేది దీని తర్వాత కథకి. అదే 2016 జూలైలో బెంఘాజీ దగ్గర హెలికాప్టర్ కూలి ముగ్గురు ఫ్రెంచ్ సైనికులు చనిపోయారు. బెంఘాజీ అంటే హఫ్తార్ ఏరియా. అక్కడ వీళ్లకేం పని? వియన్నాలో సరాజ్‌కి చప్పట్లు, ఇక్కడ హఫ్తార్‌కి సాయం. ఈజిప్టు, యూఏఈ కూడా అదే ఆట. సెప్టెంబర్‌లో, సరిగ్గా మన మాస్టార్లు విడుదలైన వారంలోనే, హఫ్తార్ ఆయిల్ పోర్టులు లాక్కున్నాడు. అప్పటికింకా సిర్తేలో మిస్రాతా వాళ్లు చస్తా బతకతా ఐసిస్‌తో పోరాడతా ఉన్నారు.

2019 ఏప్రిల్ 4న హఫ్తార్ ట్రిపోలీ మీదికే బయల్దేరాడు. ఆరోజు ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ గుటెరస్ ఆ ఊర్లోనే ఉన్నాడు, శాంతి చర్చల పని మీద. 2021లో మళ్లీ ఇంకో ఐక్యతా ప్రభుత్వం, ప్రధాని ద్బేబా. డిసెంబర్ 24న ఎన్నికలన్నారు. జరగలేదు. 2022లో తూర్పు పార్లమెంటు తన ప్రధానిని తాను పెట్టుకుంది.

సరే, కరెంటు పోయేటట్టుంది, ఉంటా మరి.