మన పద్దు మనమే చదవాలి
(యువజన సదస్సు ప్రసంగ పాఠం)



మన సభల్లో ఆట, పాట, భాష, పండుగల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి బడ్జెట్ గురించి మాట్లాడదామంటే, అది అసెంబ్లీ వాళ్ల పని కదా అని కొందరు అన్నారు. కానీ ఆశ్రమ పాఠశాల భవనం, ఊరి మంచినీళ్లు, వాగు మీద వంతెన అన్నీ ఆ బడ్జెట్ పుస్తకంలో ఏదో ఒక పద్దు కిందే ఉంటాయి. ఆ పద్దు చదవడం రాకపోతే, మన పేరున రాసిన డబ్బు ఎటు పోయిందని అడగడమూ రాదు.

మన పెద్దలకు ఒక కట్టుబాటు ఉంది. ఎంత ఆకలైనా విత్తనాలకు దాచిన గింజలు వండుకోరు. ఊరంతా కలిసి కొత్తల పండుగ చేసుకునే దాకా కొత్త పంట నోట పెట్టరు. ప్రభుత్వ ధనానికీ ఇలాంటి కట్టుబాట్లే ఉన్నాయి.

రాష్ట్రానికి వచ్చే పన్నులు, అప్పులు సంచిత నిధిలో చేరతాయి. శాసనసభ ఒప్పుకుని ద్రవ్య వినిమయ చట్టం చేయనిదే అందులోంచి డబ్బు తీయడానికి వీల్లేదు. సభ శాఖలవారీగా గ్రాంట్లు మంజూరు చేస్తుంది. ఒక గ్రాంటు డబ్బును ఇంకో గ్రాంటుకు ప్రభుత్వం తనంతట తాను మార్చకూడదు. ఎక్కడైనా చాలకపోతే అనుబంధ గ్రాంటు కోసం మళ్లీ సభ ముందుకు రావాలి. అయితే ఒకే గ్రాంటు లోపల ఒక పథకంలో మిగిలింది మరో పథకానికి మార్చుకోవచ్చు. దీన్నే రీ-అప్రాప్రియేషన్ అంటారు. ఇది తప్పేమీ కాదు. తుపాను వచ్చి రోడ్లు కొట్టుకుపోతే డబ్బు సర్దాల్సిందే. కానీ విత్తనాల గంపలోనూ అలాగే చెయ్యి పెడితేనే చిక్కు.

మన విత్తనాల గంప పేరు గిరిజన ఉపప్రణాళిక. అయిదో పంచవర్ష ప్రణాళిక కాలంలో, 1974 నుంచి ఇది మొదలైంది. ప్రతి శాఖ తన ఖర్చులో మన జనాభాకు తగిన వాటాను విడిగా పెట్టాలన్నది దీని ఉద్దేశం. ఆ వాటా మిగతా డబ్బులో కలిసిపోకుండా దానికి ఒక అంకె ఇచ్చారు. అది 796. రోడ్లు, వైద్యం, చదువు, సాగునీరు ఏ శాఖ పద్దు తీసినా 796 కనిపిస్తే అది మన గంప. ఎస్సీల వాటాకు అంకె 789.

అంకె ఉన్నా చాలా ఏళ్లు చట్టం లేదు. చట్టం లేకపోతే ఏమవుతుందో 2010లో దేశమంతా చూసింది. ఢిల్లీలో ఎస్సీల కోసం ఉంచిన నిధులు కామన్‌వెల్త్ క్రీడల పనులకు మళ్లాయని బయటపడి పార్లమెంటులో దుమారం రేగింది. మన దగ్గర దళిత, గిరిజన సంఘాలు పోరాడాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపప్రణాళిక చట్టాన్ని ఆమోదించింది. అది 2013 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో దాని గడువును మరో పదేళ్లు పొడిగించారు. తెలంగాణ 2017లో ప్రత్యేక ప్రగతి నిధి పేరుతో సొంత చట్టం చేసుకుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో గిరిజనులు 9.08 శాతం. అంటే ప్రగతి పద్దు కింద వంద రూపాయలు పెడితే అందులో తొమ్మిది రూపాయల ఎనిమిది పైసలు మనవి.

మరి చట్టం వచ్చాక కూడా గంప ఎందుకు తరుగుతోంది? ఇప్పుడు తాళం పగలగొట్టి తీసేవాళ్లు తక్కువ. డబ్బు నాలుగు దారుల్లో చప్పుడు లేకుండా జారిపోతుంది.

మొదటిది, విడుదల కాకపోవడం. బడ్జెట్‌లో రాయడం వేరు, ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వడం వేరు, ట్రెజరీలో బిల్లు పాసవడం వేరు. కేటాయింపు రోజున పత్రికల్లో వచ్చే పెద్ద అంకె మన చేతికి వచ్చినట్టు కాదు.

రెండోది, మురిగిపోవడం. మార్చి 31 దాటితే ఖర్చు కాని కేటాయింపు రద్దవుతుంది. ఏడాది చివర్లో డబ్బు వదిలితే, కొండ మీద పని పూర్తి చేయడానికి ఇక రోజులేవి? ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏడాది ఒక లెక్క ప్రకారం భర్తీ చేయాలని తెలంగాణ చట్టంలో ఉంది. ఆ భర్తీ జరిగిందా అని అడగాల్సింది మనమే.

మూడోది, అందరి పథకాన్ని మన ఖాతాలో రాయడం. వృద్ధులందరికీ వచ్చే పింఛను మన అవ్వకూ వస్తుంది. అది ఆమె హక్కు. కానీ ఆ పింఛనునే 796 కింద రాసి, గిరిజనులకు ఇంత ఖర్చు పెట్టామంటే, మనకు అదనంగా వచ్చింది ఏముంది? మిగతా సమాజానికీ మనకూ ఉన్న దూరం తగ్గించడానికి పెట్టిన నిధి ఇది.

నాలుగోది, విడదీయలేని పనులు. నేరుగా మన మనుషులకు, కుటుంబాలకు, ఆవాసాలకు మేలు చేసే పథకాలే ఇందులో ఉండాలని చట్టం చెబుతుంది. కానీ విడదీయలేని పెద్ద నిర్మాణాల ఖర్చులో కొంత భాగాన్ని మన వాటాగా భావించవచ్చని కూడా అదే చట్టం అంటుంది. మనం ఎన్నడూ చూడని పెద్ద రోడ్డు కూడా మన లెక్కలోకి వచ్చేది ఈ తలుపు గుండానే.

అయితే మనం ఏం చేయాలి? మూడు పనులు చెబుతాం.

ఒకటి, పుస్తకం చదవండి. ఉపప్రణాళికకు బడ్జెట్‌లో విడిగా సంపుటం ఉంటుంది. ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఈ ఏడాది అంచనా ఒక్కటే చూడకండి. పక్కనే నిరుటి అంచనా, సవరించిన అంచనా, అంతకు ముందు ఏడాది అసలు ఖర్చు ఉంటాయి. మొదట రాసిందెంత, చివరికి పెట్టిందెంత? ఆ తేడాలోనే మన కథంతా ఉంది.

రెండు, రాతపూర్వకంగా అడగండి. మీ ఐటీడీఏకు ఏ పథకం కింద ఎంత వచ్చింది, ఏ తేదీన వచ్చింది, ఎంత వెనక్కి పోయింది అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఊరికే "నిధులేమయ్యాయి" అంటే ఊరికే జవాబొస్తుంది. పద్దు, సంవత్సరం, పని పేరు రాసి అడగండి.

మూడు, గ్రామసభను నిలబెట్టండి. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పథకాలు మొదలుపెట్టే ముందు గ్రామసభ ఆమోదం కావాలి. పంచాయతీ పెట్టిన ఖర్చుకు వినియోగ ధ్రువీకరణ ఇవ్వాల్సిందీ గ్రామసభే. గిరిజన ఉపప్రణాళికతో సహా స్థానిక ప్రణాళికల మీద, వాటి వనరుల మీద అదుపు గురించి కూడా ఆ చట్టం చెబుతుంది. ఇంత అధికారం ఉండి కూడా, ఎవరో తెచ్చిన రిజిస్టరులో చదవకుండా సంతకాలు పెట్టి ఇంటికి వస్తున్నాం. ఈసారి గ్రామసభలో ఆ కాగితం గట్టిగా చదివి వినిపించమనండి. చదవడం రాని పెద్దల పక్కన మీరు కూర్చుని మన భాషలో చెప్పండి.

షెడ్యూల్డ్ ప్రాంతం బయట, మైదానంలో ఉన్న తమ్ముళ్లకు పెసా వర్తించదు. కానీ ఉపప్రణాళిక చట్టం, సమాచార హక్కు మీకూ ఉన్నాయి.

మన తాతలు భూమి కోసం, అడవి కోసం నిలబడ్డారు. ఆ రోజుల్లో వాళ్లకు కాగితం చదవడం రాదు కాబట్టి మోసపోయిన సందర్భాలు ఎన్నో. మీరు డిగ్రీలు చదివారు, ఫోనులో ప్రపంచమంతా చూస్తున్నారు. ఒక్క పూట కూర్చుని 796 ఎక్కడుందో వెతకండి. మండలానికి ఇద్దరు చదవగలిగితే చాలు, మిగతా వాళ్లకు వాళ్లే నేర్పుతారు.

విత్తనాలు కాపాడుకున్న ఊరే మళ్లీ పంట చూస్తుంది. జోహార్.