మందు ఏదో ముందే చెప్పే పరీక్ష
(సంఘం వార్షిక సభలో వైద్య సహాయ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

వైద్య సహాయ కమిటీలో మేము ముగ్గురం. ఇద్దరం బడిపంతుళ్లం, ఒకరు చాలా ఏళ్లు మందుల దుకాణం నడిపిన పెద్దమనిషి. మాలో డాక్టరు ఎవరూ లేరు. అయినా మీరిచ్చిన జకాత్, సదఖా సొమ్ము ఎవరి వైద్యానికి ఎంత ఇవ్వాలో తేల్చే పని మా మీద పెట్టారు. ఆ సొమ్ము అమానత్. దానికి లెక్క చెప్పాలి కాబట్టి, మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసిన ఒక అర్జీ గురించి ఈరోజు చెబుతాం.

ఒక అబ్బాయి మా దగ్గరికి వచ్చాడు. పంక్చర్ షాపు పెట్టుకుని బతుకుతున్నాడు. తల్లికి అండాశయ క్యాన్సర్. ఆపరేషన్ అయింది, ఇక కీమో మొదలుపెట్టాలి. ఎవరో ఏజెంటు ఇచ్చిన కాగితం మా ముందు పెట్టాడు.

"మాస్టర్ సాబ్, అమ్మ క్యాన్సర్ కణాలు ల్యాబుల పెంచి, ఏ మందుకు చస్తయో ముందుగాల్నే చూసి చెప్తరట. తప్పు మందు పెడితే అమ్మ ఒళ్లు తట్టుకోదు గదా" అన్నాడు.

ఆ కాగితం మీది మొత్తం ఆ నెల మా నిధిలో మిగిలిన డబ్బు కంటే ఎక్కువ. తక్కువ పడితే చెల్లెలి పెండ్లికి దాచిన బంగారం కుదువ పెడతానన్నాడు. మేము వారం గడువు అడిగాం. తెలిసిన డాక్టర్లను అడిగాం, చదవగలిగింది చదివాం.

అతను అడిగింది తెలివితక్కువ ప్రశ్న కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే డాక్టరు కల్చర్ పరీక్ష రాస్తాడు. ల్యాబులో పళ్లెంలో సూక్ష్మజీవులను పెంచి, యాంటీబయాటిక్ అద్దిన కాగితపు బిళ్లలు పెడతారు. ఒకటి రెండు రోజుల్లో ఏ బిళ్ల చుట్టూ ఖాళీ వలయం వెడల్పుగా ఏర్పడిందో చూసి మందు ఎంచుకుంటారు. ఇది లక్షల మందికి పనికొచ్చిన పరీక్ష. మరి క్యాన్సర్‌కు కూడా అలాగే ఎందుకు చూడకూడదు?

శాస్త్రవేత్తలకూ ఇదే ఆలోచన వచ్చింది. 1977లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో ఆన్ హాంబర్గర్, సిడ్నీ సాల్మన్ అనే ఇద్దరు రోగి కణితి నుండి తీసిన కణాలను మెత్తని అగార్‌లో పెంచి చూపించారు. మరుసటి ఏడాది వాటి మీద కీమో మందులు పరీక్షించారు. తరువాత వేరే పద్ధతులూ వచ్చాయి. ఒకదానిలో బతికున్న కణాలు పసుపు రంగును ఊదాగా మారుస్తాయి. ఇంకొకదానిలో మిణుగురు పురుగుకు వెలుగునిచ్చే పదార్థాన్నే వాడి, ఎన్ని కణాలు బతికాయో వెలుగును బట్టి లెక్కిస్తారు.

ఫలితం ఏమిటి? తొలినాటి పరిశోధనల్లో ఒక సంగతి తేలింది. పళ్లెంలో పనిచేయని మందు రోగిలోనూ పనిచేయకపోవడం సుమారు పదింట తొమ్మిదిసార్లు నిజమైంది. కానీ పళ్లెంలో పనిచేసిన మందు రోగిలో పనిచేసింది పదింట ఆరేడుసార్లే. పైగా చాలామంది రోగుల కణాలు పళ్లెంలో సరిగా పెరగనే లేదు.

కారణాలు మన పదో తరగతి పిల్లలకు చెప్పినట్టే చెప్పుకోవచ్చు. ఒకటి, ఇలాంటి సూక్ష్మజీవులు చాలావరకు ల్యాబు పళ్లెంలో తేలిగ్గా పెరుగుతాయి, క్యాన్సర్ కణం శరీరం వదిలితే చాలావరకు పెరగదు. రెండు, పళ్లెంలో కాలేయం ఉండదు. సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు కాలేయంలో మారిన తరువాతే క్యాన్సర్ మీద పనిచేస్తుంది. దాన్ని నేరుగా కణాల మీద పోస్తే పనికిరాని మందులాగే కనిపిస్తుంది. మూడు, కణితిలోని కణాలన్నీ ఒకే రకం కావు. ఒక చోట తీసిన ముక్క ఇంకో చోట ఉన్నదాని సంగతి చెప్పదు. ఒక గింజ చూసి కుండెడు అన్నం ఉడికిందో లేదో చెప్పొచ్చు. క్యాన్సర్‌కు ఆ లెక్క కుదరదు.

అసలు ప్రశ్న వేరే ఉంది. పరీక్ష చూసి మందు ఇస్తే రోగి ఎక్కువ కాలం బతుకుతాడా? 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో, మామూలు మందులకు లొంగని అండాశయ క్యాన్సర్ ఉన్న 180 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ల్యాబు పరీక్షను బట్టి, ఇంకో గుంపుకు డాక్టరు నిర్ణయాన్ని బట్టి మందు ఇచ్చారు. పరీక్ష గుంపులో కణితి తగ్గినవారు కొంచెం ఎక్కువగా కనిపించారు గానీ, బతికిన కాలంలో తేడా తేలలేదు. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2004లో ఒకసారి, 2011లో మళ్లీ ఒకసారి ఈ విషయం పరిశీలించింది. పరిశోధనల్లో తప్ప మామూలు వైద్యంలో ఈ పరీక్షలను బట్టి మందు ఎంచుకోవద్దని రెండుసార్లూ చెప్పింది.

దీన్ని బట్టి ల్యాబు పరీక్షలన్నీ దండగ అనుకోవద్దు. రొమ్ము క్యాన్సర్‌లో హార్మోన్ గ్రాహకాలు, హెర్-2 ఉన్నాయా అని చూసే పరీక్ష తప్పనిసరి. ఒక రకం రక్త క్యాన్సర్‌లో జన్యుమార్పు కనబడితే ఇమాటినిబ్ మాత్ర రోగి జీవితాన్నే మారుస్తుంది. పేగు క్యాన్సర్‌లో జన్యు పరీక్ష చేస్తే కొన్ని ఖరీదైన ఇంజెక్షన్లు వృథా కాకుండా ఆగుతాయి. ఇవి పళ్లెంలో మందు పోసి చూసే పరీక్షలు కావు, కణంలో ఒక గుర్తు ఉందో లేదో చూసేవి. వేలమంది రోగుల్లో నిగ్గు తేలినవి. ఇలాంటి వాటికి డాక్టరు చీటీ తెస్తే మేము కాదనం.

మందు విలువ రోగి దగ్గరే తేలుతుందని చెప్పడానికి మన తెలుగువాడి కథే ఉంది. బడిలో మేము వారం వారం పిల్లలకు ఇచ్చే నీలం రంగు మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో ఆ ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశారు. ఆయన బృందం దానికి విరోధిగా పనిచేసే అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు దాన్ని ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం తగ్గింది. ఆ సంగతి 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆ కుటుంబంలోనిదే అయిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుతున్నారు.

ఇక ఆ అబ్బాయి సంగతి. పరీక్షకు డబ్బు ఇవ్వలేమని చెప్పాం. అతని ముఖం చూసి చెప్పడం తేలిక కాలేదు. డాక్టరు రాసిన మందులు ఈ జబ్బుకు వేలమందిలో చూసి నిలబెట్టినవేనని, ఆరోగ్యశ్రీలో కీమో ఉందని, పరీక్ష కోసం ఆగితే రోజులు పోతాయని చెప్పాం. ఆ బదులు తల్లీకొడుకులు హైదరాబాద్‌కు పోయివచ్చే రైలు ఛార్జీలు, అక్కడ ఉండే రోజుల తిండి, ఆరోగ్యశ్రీలో రాని మందుల ఖర్చు సంఘం భరించింది. బంగారం కుదువకు పోలేదు.

ఆ తల్లి పదకొండు నెలలు బతికింది. మొదటి మందు కొన్నాళ్లు బాగా పనిచేసింది, తరువాత లొంగలేదు. జనాజా అయిన నెలకు అబ్బాయి వచ్చి, "మాస్టర్ సాబ్, ఆ పరీక్ష చేపిస్తే అమ్మ ఉండేదా?" అని అడిగాడు. మాలో పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "బేటా, మీ అమ్మ ఒక్కదాని సంగతి ఎవరూ చెప్పలేరు. వందలమందిని చూసినోళ్లు మాత్రం తేడా లేదన్నరు. ఆ మాట నమ్మే నీకు వద్దన్నం" అన్నాడు. అబద్ధపు ఓదార్పు ఇవ్వడం మాకు చేతకాలేదు.

ఆ రోజు నుండి కమిటీలో ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరైనా ఖరీదైన పరీక్ష కోసం వస్తే మూడు ప్రశ్నలు రాసి ఇస్తాం, వైద్యం చేస్తున్న డాక్టరునే అడిగి రమ్మంటాం. ఈ పరీక్ష ఫలితాన్ని బట్టి మీరు ఇచ్చే మందు మారుతుందా? అలా మారిస్తే రోగులు ఎక్కువ కాలం, లేదా తక్కువ బాధతో బతికారని రుజువైందా? ఫలితం వచ్చేదాకా చికిత్స ఆగుతుందా?

పరిశోధన ఆగలేదు. 2018లో లండన్ శాస్త్రవేత్తలు రోగి కణితి నుండి చిన్న చిన్న గడ్డలు పెంచి మందులు పరీక్షిస్తే, కొద్దిమంది రోగుల్లో ఫలితాలు బాగా సరిపోయాయి. రేపు పెద్ద అధ్యయనాల్లో అది నిలబడితే మేమే మీ ముందుకొచ్చి ఆ పరీక్షకు చందాలు అడుగుతాం. అప్పటిదాకా మీ సొమ్ము రైలు టికెట్టుకు, గంజికి, మందుకు పోతుంది.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని క్యాన్సర్ ఆసుపత్రికి నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరుంది. మనం అలాంటి ఆసుపత్రి కట్టలేం. అక్కడిదాకా పోలేని మనిషిని పెద్దపల్లి స్టేషన్‌లో రైలెక్కించగలం. ఈ ఏడాది కూడా ఆ పనికి మీ చేయి కలపమని కోరుతూ, సెలవు తీసుకుంటున్నాం. ఖుదా హాఫిజ్.