రేగడి నేలమీద ఒక వాలీబాలు ఏడాది

అమెరికా దేశంలో కళాశాలల బేస్‌బాలు జట్లకు వసంతకాలం వచ్చిందంటే పోటీల కాలం వచ్చినట్లే. 1859 జూలై 1వ తేదీన మసాచుసెట్స్ రాష్ట్రంలోని పిట్స్‌ఫీల్డు పట్టణంలో ఆమ్‌హర్స్టు, విలియమ్స్ కళాశాలలు తలపడినవి. కళాశాలల మధ్య జరిగిన మొదటి బేస్‌బాలు పోటీ అదే. 73–32 తేడాతో ఆమ్‌హర్స్టు గెలిచింది. ఆ ఆట మన గుంటూరు, ప్రకాశం పల్లెలలో వేళ్లూనలేదు. కాని అదే రాష్ట్రంలో, హోలియోకు అనే ఊళ్లో, 1895వ సంవత్సరంలో విలియం మోర్గాన్ కల్పించిన వాలీబాలు మాత్రం ఇక్కడనే పుట్టిందేమో అనిపించేటంతగా స్థిరపడిపోయింది. కారణం కోసం ఎంతో దూరం వెతకనక్కరలేదు. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు గల జాగా, రెండు గుంజలు, ఒక వల, ఒక బంతి ఉంటే చాలు. పన్నెండుమంది ఆడవచ్చును, ఊరంతా చూడవచ్చును.

జాగా అన్నాను గాని, అసలు చిక్కంతా అక్కడనే ఉన్నది. మాది నల్లరేగడి. వాన కురిస్తే ఉబ్బుతుంది, ఎండ కాస్తే నెర్రెలు విచ్చుతుంది. పత్తి వేరు లోతుకు దిగి చెమ్మ వెతుక్కోవటానికి ఇంతకన్న మంచి నేల లేదు. ఆటగాని పాదానికి మాత్రం ఇంతకన్న చెడ్డ నేల లేదు. శ్రావణ భాద్రపదాలలో నాలుగడుగులు వేస్తే అరికాలికి శేరు మట్టి అంటుకుంటుంది. ఎగిరి బంతి కొట్టటం ఎట్లా? అందుచేత మా కళాశాల జట్టు ఏటేటా గరప తోలించుకొని, పరచి, నీళ్లు చల్లి, రోలరు లాగేది. సగం ఏడాది మేము ఆడింది తక్కువ, మట్టి మోసింది ఎక్కువ.

నేను చెప్పబోయేది 1999–2000 విద్యాసంవత్సరం సంగతి. వాలీబాలులో లెక్క మారిన కాలం అది. పూర్వం బంతి వేసే పక్షానికే పాయింటు దక్కేది. ఎదుటివారు తప్పు చేయించితే బంతి వేసే వంతు పోయేదే గాని పాయింటు పోయేది కాదు. అంతర్జాతీయ సమాఖ్య 1998లో అంగీకరించిన కొత్త పద్ధతిలో బంతి ఎవరు వేసినా, ప్రతి ఎత్తుకూ ఒక పాయింటు. 15కు బదులు 25. అయిదవ సెట్టు మాత్రం 15. మా నాయకుని బలమంతా సర్వీసులో ఉన్నది. పదింటిలో నాలుగు వలకు తగిలినా, తక్కిన ఆరింటికి ఎదుటివారు బెదిరిపోయేవారు. కొత్త లెక్కలో ఆ నాలుగూ నాలుగు పాయింట్ల దానమే. "ఒరేయ్, ఇక ప్రతి బంతీ కాటా మీదకు వస్తుందిరా, చూసి వెయ్యి" అనేవారు మా వ్యాయామోపాధ్యాయులు. అతడు చేతిని అదుపులోకి తెచ్చుకోవటానికి దసరా దాకా పట్టింది. తెల్లవారుజామున గోడమీద సుద్దముక్కతో గీత గీసి, దానికి పైన జానెడు ఎత్తులో బంతి తగిలేటట్లు కొట్టేవాడు. వందవ బంతి అయితే గాని టిఫినుకు రాడు.

ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలో ఆనాడు గుంటూరు, ప్రకాశంతోపాటు కృష్ణాజిల్లా కళాశాలలు కూడా ఉండేవి. అంతర్ కళాశాలల పోటీలు జరిగేది సరిగా పత్తి తీతల రోజులలో. ఆ ఏడు మేము అంతిమ పోటీ దాకా వెళ్లి, అయిదవ సెట్టులో ఓడిపోయాము. ఆ ఓటమిని గురించి ఇప్పటికీ మాలో మాకు వాదన ఉన్నది. దానిని ఇక్కడ పెట్టను. మా నాయకునికి విశ్వవిద్యాలయం జట్టులో చోటు వచ్చింది. అదనపు ఆటగాండ్ర జాబితాలో చివరి పేరు నాది.

దక్షిణ మండల పోటీలకు జనవరిలో ప్రయాణం. మిరపకాయ మొదటి కోతలూ అప్పుడే. వాళ్లది కౌలు సేద్యం. 1997–98లో పురుగు పత్తిని తినివేసిన నాటి అప్పు ఇంకా తీరలేదు. కూలీలు దొరకలేదని విని జట్టంతా రెండు రోజులు కాయ కోయటానికి వెళ్లాము. సాయంకాలానికి చేతులు నిప్పుల మీద పెట్టినట్లు మండినవి. వాళ్లమ్మగారు మజ్జిగ గిన్నె ముందు పెట్టి, చేతులు ముంచుకోమన్నారు. ఆ చేతులతో కళ్లు నలుపుకొన్న ఒకరిద్దరి గతి చెప్పనక్కరలేదు.

మూడవనాడు మబ్బు పట్టింది. కల్లంలో ఆరబోసిన కాయ తడిస్తే రంగు పోతుంది, తాలు అవుతుంది. గుంటూరు యార్డులో తాలుకు పలికే ధర వేరు. తండ్రి "నువ్వు వెళ్లరా, పట్టాలు నేను కప్పుకుంటాలే" అన్నాడు. కొడుకు ఆకాశం వైపు చూశాడు, తండ్రి నడుము వైపు చూశాడు. "వీణ్ణి పంపించండి మాస్టారూ" అని నన్ను చూపించాడు.

నేను వెళ్లాను. బల్లమీద కూర్చున్నాను. మా జట్టు రెండవ పోటీలోనే ఓడి తిరిగి వచ్చింది; అతడుంటే గెలిచేదని నేను అనను. వాన ఆ వారంలో కురవనే లేదు. ఆ మాట అతనితో ఎన్నడూ ఎత్తలేదు.

ఈనాడు అతడు ఆ ఊళ్లోనే మిరప పండిస్తున్నాడు. సంక్రాంతికి వాళ్ల ఊరి వాలీబాలు పోటీలలో ఈల అతని చేతిలోనే ఉంటుంది. మొన్న నేను వెళ్లేసరికి, సర్వీసు వలకు కొట్టిన కుర్రవానిని పక్కకు పిలిచి, పాఠశాల గోడమీద సుద్దతో గీత గీస్తున్నాడు.