ఖాళీ చేతులతో తిరిగి వెళ్ళకండి



ఆరోగ్య కేంద్రానికి వచ్చి, వరుసలో నిలబడి, తీరా మీ వంతు వచ్చాక “మాత్రలు అయిపోయాయమ్మా, వచ్చే వారం రండి” అనే మాట మీలో చాలామంది వినే ఉంటారు. ఆ మాట చెప్పినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అందుచేత కుటుంబ నియంత్రణ ఎందుకు పాటించాలి అనే విషయం నేను ఇవాళ చెప్పబోవటం లేదు. అది మీకు తెలుసు. తెలిసే ఇంతదూరం వస్తున్నారు. పద్ధతి పాటిస్తూ ఉండగా మధ్యలో మందు దొరకకపోతే ఏం చెయ్యాలి? మళ్ళీ వచ్చేదాకా ఎలా గడుపుకోవాలి? ఈ రెండే నేటి విషయాలు.

ముందుగా నా తప్పు ఒకటి చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకామె మాలా-ఎన్ మాత్రల కోసం వచ్చింది. చంకలో పిల్ల, వెంట పిల్లవాడు. స్టాకు లేదు. “వచ్చే మంగళవారం రండమ్మా” అన్నాను. ఆమె మారుమాట లేకుండా వెళ్ళిపోయింది. మంగళవారం వచ్చింది, అప్పటికీ మాత్రలు రాలేదు. మూడోసారి వచ్చేటప్పటికి మాత్రలు వచ్చాయి గాని, ఆమెకు నెల తప్పింది. “నేను రాలేదా అమ్మా? మూడుసార్లు వచ్చాను గదా!” అంది. ఏం జవాబు చెప్పను? ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది. ఆ తల్లికి ఆ బిడ్డంటే ప్రాణం. అయినా ఆ ఏడాది ఆమె రక్తహీనతతో పడ్డ అవస్థ నేను మరచిపోలేదు. మొదటిరోజే పది నిరోధ్‌లు చేతిలో పెట్టి, వాడే విధానం చెప్పి పంపితే సరిపోయేది. నేను తారీకు చెప్పాను గాని దారి చెప్పలేదు.

మందు ఎందుకు అయిపోతుంది?

ఈ మాత్రలు, ఇంజక్షన్లు, నిరోధ్‌లు కేంద్ర ప్రభుత్వం కొని రాష్ట్రాలకు ఉచితంగా ఇస్తుంది. రాష్ట్ర గిడ్డంగి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడినుంచి ఉపకేంద్రానికి, ఆశా కార్యకర్తకు చేరతాయి. ఇన్ని మెట్లలో ఏ ఒక్క మెట్టు దగ్గర ఆలస్యమైనా కింద ఉన్న మనకు ఖాళీ డబ్బా మిగులుతుంది. టెండరు ఆలస్యం కావచ్చు, నాణ్యత పరీక్ష పూర్తి కాకపోవచ్చు, ముడిసరుకు రాకపోవచ్చు. మన దేశంలో మందులు తయారుచేయటానికి కావలసిన ముడిసరుకులో చాలాభాగం చైనా నుంచి వస్తోంది. 2020లో కరోనా లాక్‌డౌన్ రోజుల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, లూపు వేయటం కొంతకాలం ఆగిపోయాయి. 2024లో టీ.బీ. మందులకు చాలాచోట్ల కొరత వచ్చి, స్థానికంగా కొనుక్కోమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పవలసి వచ్చింది. కాబట్టి ఇది ఒక్క మన ఊరి సంగతి కాదు.

అయితే మన చేతిలో ఉన్న కారణం కూడా ఒకటుంది. అది జాగ్రత్తగా వినండి.

ఒక కేంద్రంలో నెలకు నలభైమంది మాత్రలు వాడుతున్నారనుకుందాం. ఈ నెల ఇరవై అయిదు ప్యాకెట్లే వచ్చాయి. అవి పంచేశారు. మిగతా పదిహేనుమంది ఉత్త చేతులతో వెళ్ళిపోయారు. రిజిస్టరులో “పంచినవి ఇరవై అయిదు” అని పడుతుంది. వచ్చే దఫా ఇండెంటు పెట్టేటప్పుడు పాత వాడకం చూసి ఇరవై అయిదుకే పెడతారు. ఆ పదిహేనుమంది ఏమయ్యారు? లెక్కలో లేరు. వాళ్ళు వచ్చినట్టు కాగితం మీద ఎక్కడా లేదు. 2017 నుంచి కుటుంబ నియంత్రణ సామగ్రి లెక్క కంప్యూటరులో నడుస్తోంది. ఏ కేంద్రంలో ఎంత ఉన్నదీ పైవాళ్ళు చూడగలరు. కాని మనం రాయని సంగతి కంప్యూటరు మాత్రం ఎలా చెబుతుంది?

అందుకే నా మొదటి మనవి: మందు లేదంటే మౌనంగా వెళ్ళిపోకండి. “నా పేరు రాయండి, నాకు ఫలానా మందు కావాలి, ఫలానా తారీకుకి అయిపోతుంది” అని చెప్పి, రాయించి మరీ వెళ్ళండి. స్టాకు రాగానే కబురు చెయ్యమని మీ ఆశా కార్యకర్తకు ఫోన్ నెంబరు ఇవ్వండి. మొహమాటం వద్దు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గదా!

అయిపోకముందే రండి

మాలా-ఎన్ ప్యాకెట్టులో 28 మాత్రలుంటాయి. 21 గర్భం రాకుండా చూసేవి. చివరి 7 ముదురు రంగువి, ఇనుము మాత్రలు. ఆ ముదురు రంగు మాత్ర మొదలుపెట్టిన రోజే మీకు గంట కొట్టినట్టు. కొత్త ప్యాకెట్టు చేతికి రావటానికి ఏడురోజులే గడువు. ఎనిమిదో రోజున కొత్త ప్యాకెట్టు మొదలు కావాలి. కాబట్టి తెల్లమాత్రలు ఇంకో వారానికి ఉన్నాయనగానే బయలుదేరండి.

అంతర ఇంజక్షను మూడు నెలలకొకసారి. గడువు తారీకుకు రెండువారాలు ముందుగానైనా వేయించుకోవచ్చు. మందు కొరతగా ఉందని తెలిస్తే ఆ రెండువారాలు వాడుకోండి.

దొరకనప్పుడు ఎవరేం చెయ్యాలి?

1. మాలా-ఎన్ వాడేవారు: మందుల షాపులో దొరికే మాలా-డి లో ఉన్నదీ అదే మందు, అదే మోతాదు. కొనగలిగితే కొని వాడవచ్చు. ఏదీ దొరకక గడువు దాటితే ఆరోజు నుంచే నిరోధ్ వాడండి. కొత్త ప్యాకెట్టు మొదలుపెట్టాక కూడా వరుసగా ఏడు మాత్రలు మింగేదాకా నిరోధ్ మానవద్దు.

2. ఛాయా మాత్రలు వాడేవారు: ఇది మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర. షాపుల్లో సహేలి పేరుతో అమ్మేదీ ఇదే. మాత్ర ఏడురోజుల లోపు ఆలస్యమైతే, దొరకగానే వేసుకుని, మళ్ళీ బహిష్టు వచ్చేదాకా నిరోధ్ కూడా వాడాలి. ఏడురోజులు దాటితే కొత్తగా చేరినవారిలాగే బహిష్టు మొదటిరోజున, వారానికి రెండు చొప్పున మళ్ళీ మొదలుపెట్టాలి. అప్పటిదాకా నిరోధ్ తప్పదు.

3. అంతర వాడేవారు: గడువు తారీకు దాటినా నాలుగువారాల వరకు ఇంజక్షను వేయవచ్చు. కంగారు పడవద్దు, అలాగని నిర్లక్ష్యమూ వద్దు. నాలుగువారాలూ దాటితే నిరోధ్ వాడుతూ రండి. గర్భం లేదని చూసుకున్నాకే వేస్తారు.

4. రక్షణ లేకుండా కలయిక జరిగిపోతే: మూడురోజుల లోపల, ఎంత త్వరగా అయితే అంత మంచిది, అత్యవసర మాత్ర వేసుకోవాలి. ఇది ఆపదకు మాత్రమే. నెలనెలా వాడే పద్ధతి కాదు.

ఒక హెచ్చరిక. “మా వదిన దగ్గర మిగిలాయి” అని ఇంకొకరి మాత్రలు తెచ్చి మింగకండి. ఆరునెలల లోపు బిడ్డకు పాలిచ్చే తల్లికి ఛాయా పనికివస్తుంది గాని మాలా-ఎన్ పనికిరాదు. రక్తపోటు ఉన్నవారూ డాక్టరుగారిని అడగకుండా మాలా-ఎన్ వాడరాదు. ఇంకొక సంగతి. ఫిట్స్ మందుల్లో కొన్ని, టీ.బీ.కి ఇచ్చే రిఫాంపిసిన్ అనే మందు మాలా-ఎన్ బలాన్ని తగ్గిస్తాయి. ఒక మందు దొరకలేదని డాక్టరుగారు ఇంకొకటి మార్చి రాసేటప్పుడు, “నేను గర్భనిరోధక మాత్రలు వాడుతున్నాను” అని తప్పక చెప్పండి. ఫిట్స్ మందు మాత్రం దొరకలేదని ఒక్కరోజు కూడా మీ అంతట మీరు మానకండి. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి.

నెలనెలా ఈ తిరుగుడు వద్దనుకుంటే కాపర్-టి ఉంది. రకాన్నిబట్టి అయిదేళ్ళు గాని, పదేళ్ళు గాని పనిచేస్తుంది. అది మీ ఇష్టం. మాత్రలు లేవు కనుక ఇదే వేయించుకోండి అని ఎవరూ మిమ్మల్ని బలవంతం చేయకూడదు.

స్టాకు వచ్చాక

కరువులో ఉన్నాం గదా అని ఒక్కరే అయిదారు ప్యాకెట్లు పట్టుకుపోతే వెనక నిలబడినవారికి మళ్ళీ పాతకథే. సిబ్బంది ఇచ్చినన్ని తీసుకోండి. ప్యాకెట్టు మీద గడువు తారీకు చూడండి. చదవటం రాకపోతే చదివి చెప్పమనండి, అది మీ హక్కు. మధ్యలో ఎన్నిరోజులు ఖాళీ వచ్చిందో దాచకుండా చెప్పండి. దానిని బట్టే ఎలా మొదలుపెట్టాలో చెప్పగలం.

మగవారికి ఒక మాట. మందు కోసం నాలుగుసార్లు తిరగటం ఆడవారి వంతే అనుకోకండి. పనికిపోతూ దారిలో కేంద్రం దగ్గర ఆగి “స్టాకు వచ్చిందా?” అని మీరూ అడగవచ్చు. ఆ కొరత రోజుల్లో నిరోధ్ వాడవలసింది మీరే. ఇంట్లో ఎప్పుడూ ఒక పది ఉంచుకోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

ఇక నా వంతు. ఆనాటి తల్లి మాట విన్నప్పటినుంచి నా బల్ల మీద ఒక చిన్న పుస్తకం ఉంచుకున్నాను. మందు దొరకక వెనక్కి వెళ్ళినవారి పేరు, మందు, తారీకు అందులో రాస్తాను. ఇండెంటు పెట్టేరోజున ఆ పేర్లు కూడా కలిపి పెట్టమని ఫార్మసిస్టుగారికి ఇస్తాను. మందు వెంటనే వస్తుందని మాట ఇవ్వలేను. మీరు వచ్చిన సంగతి మాత్రం లెక్కలో ఉంటుంది. దారి చెప్పకుండా మిమ్మల్ని పంపను.

ఈసారి వచ్చినప్పుడు ఆ పుస్తకంలో మీ పేరు రాయించుకోకుండా వెళ్ళకండి. ఇక సెలవు.