చెట్టు వెలిగించి చెప్పిన మాటలు



ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుపుకుంటున్నామో ఆ మాస్టారు చరిత్ర పాఠంలో ఒక పట్టు పట్టేవారు. నాయకుడు ఏం మాట్లాడాడో చదివితే సరిపోదు, ఆ పూట జనం బతుకు ఎలా ఉందో కూడా చూడాలనేవారు. ఆయన నేర్పిన పద్ధతిలోనే ఇవాళ వాషింగ్టన్‌లో ఏటా వెలిగే క్రిస్మస్ చెట్టు చరిత్ర చెబుతాను.

1923 డిసెంబరు 24 సాయంత్రం వైట్‌హౌస్‌కు దక్షిణాన ఉన్న మైదానంలో ఇది మొదలైంది. వెర్మాంట్ నుంచి తెచ్చిన 48 అడుగుల ఫర్ చెట్టుకు 2,500 విద్యుద్దీపాలు అమర్చారు. అధ్యక్షుడు కూలిడ్జ్ మీట నొక్కారు, ప్రసంగం మాత్రం చేయలేదు. ఈ వేడుక వెనక దీపాల వాడకం పెంచాలన్న విద్యుత్ వ్యాపారుల ఆలోచన కూడా ఉంది. చెట్టు దగ్గర నిలబడి దేశానికి ధైర్యం చెప్పడం తర్వాత వచ్చిన ఆనవాయితీ.

ఆ ఆనవాయితీకి అసలు బరువు 1941లో వచ్చింది. అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగి పదిహేడు రోజులే అయింది. రాత్రిపూట వెలుగు కనిపిస్తే ప్రమాదమని భద్రతాధికారులు అభ్యంతరం చెప్పినా, వేడుక జరగాల్సిందేనన్నారు అధ్యక్షుడు రూజ్వెల్ట్. వేలమంది వైట్‌హౌస్ తోటలోకి వచ్చారు. వసారాలో ఆయన పక్కన బ్రిటిష్ ప్రధాని చర్చిల్ ఉన్నారు. మహాసముద్రం దాటి వచ్చి రెండు రోజులైంది. లోకమంతా యుద్ధంలో ఉండగా పండుగ ఎలా చేసుకుంటామని రూజ్వెల్ట్ ప్రశ్న వేసి, జనం మనసులో ఉన్న దిగులును దాచకుండా పైకి తెచ్చారు. చర్చిల్ ఇంకా సూటిగా వెళ్లారు. ఈ ఒక్క రాత్రి పిల్లల్ని నవ్వనివ్వండి, తెల్లారితే మన ముందు కఠినమైన పనులున్నాయి అన్నది ఆయన మాటల సారాంశం. భయంలో ఉన్న తల్లిదండ్రులకు అంతకంటే కావలసిన మాట లేదు. ఇప్పుడు చదివినా మనసు కరుగుతుంది.

మాస్టారి పద్ధతిలో ఇక మనవాళ్ల వైపు చూద్దాం. ఆ వేడుకకు ముందు రోజే, డిసెంబరు 23న, బర్మాలోని రంగూన్ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. క్రిస్మస్ నాడు మళ్లీ వేశాయి. ఆ రేవులో మూటలు మోసేవాళ్లలో, రైసు మిల్లుల్లో పనిచేసేవాళ్లలో మన కోస్తా జిల్లాల నుంచి వెళ్లిన తెలుగు కూలీలు ఎందరో ఉన్నారు. ఓడ దొరకనివాళ్లు పిల్లల్ని చంకనేసుకుని కొండలూ అడవులూ నడిచి ఇండియా దారి పట్టారు. దారిలోనే పోయినవాళ్లకు లెక్క లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. ఏ దేశ ప్రజలైనా తమ ప్రభుత్వాన్ని తామే ఎంచుకోవచ్చన్న అట్లాంటిక్ ఒప్పందం ఇండియాకు వర్తించదని ఇదే చర్చిల్ 1941 సెప్టెంబరులో పార్లమెంటులో చెప్పి ఉన్నారు. ఆ రాత్రి ఆయన మాటల్లో ఆర్ద్రత నిజమైనదే. కానీ ఆ ఆశలో మన పిల్లలకు వాటా లేదు. ఈ రెండూ కలిపి చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు.

తర్వాతి మూడేళ్లు చెట్టును అలంకరించారు గానీ దీపాలు పెట్టలేదు. యుద్ధం ముగిశాక 1945లో అధ్యక్షుడు ట్రూమన్ మళ్లీ వెలిగించారు.

ఇక 1979. ఇరాన్‌లో అమెరికా రాయబార కార్యాలయ ఉద్యోగులు బందీలుగా చిక్కి నెల దాటింది. డిసెంబరు 13న అధ్యక్షుడు కార్టర్ కూతురు ఎమీ మీట నొక్కింది. చెట్టు కొసన ఉన్న నక్షత్రం ఒక్కటే వెలిగింది, కింద చెట్టంతా చీకటి. చుట్టూ చిన్న చెట్లకు నీలి దీపాలు పెట్టారు, బందీకొక చెట్టు చొప్పున యాభై. బందీలు ఇంటికి వచ్చినప్పుడే మిగతా దీపాలు వెలుగుతాయని కార్టర్ జనానికి చెప్పారు. మరుసటి ఏడాది కూడా వాళ్లు రాలేదు. అప్పటికి గడిచిన రోజుకొక సెకను చొప్పున 417 సెకన్లు చెట్టంతా వెలిగించి ఆర్పేశారు.

ఆ నవంబరులోనే కార్టర్ ఎన్నికల్లో ఓడిపోయి ఉన్నారు. 1981 జనవరి 20న ఆయన పదవి దిగిన రోజునే బందీలు విడుదలయ్యారు. పండుగ వెళ్లిపోయినా ఆ రోజు చెట్టంతా దీపాలు వెలిగించారు. ఆ మైదానంలో ఆశ పేరుతో చెప్పిన మాటలన్నిటిలో నేను అన్నిటికంటే పైన పెట్టేది, బందీలు ఇంటికి వస్తేనే దీపాలన్న కార్టర్ మాటనే.